పసిబిడ్డకు వేసిన ప్రతి లైన్‌కూ ఒక కాగితం ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల జాతీయ ఆరోగ్య మిషన్ డైరెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను నవజాత శిశువుల వార్డులో స్టాఫ్ నర్సుని. ఊరి పేరు, ఆస్పత్రి పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయేది ఏ ఒక్క వార్డుకో సంబంధించిన సంగతి కాదు. జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూ (జబ్బు పడిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) అయినా, మెడికల్ కాలేజీ ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) అయినా, ప్రైవేటు నర్సింగ్ హోం అయినా, బిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్ల మధ్య నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఇది తెలిసిందే.

నేను అడిగేది ఒక్కటే. బిడ్డ ఒంట్లోకి మందులు, సెలైన్ ఎక్కించే ప్రతి గొట్టానికీ, అంటే మేం లైన్ అనేదానికి, అది కాలికి పెట్టిన చిన్న క్యాన్యులా కావచ్చు, బొడ్డులోంచి గుండె దాకా వెళ్లే గొట్టం కావచ్చు, వేసిన గంట నుంచి తీసిన గంట దాకా ఒక షీటు ఉండాలి. అందులోని ముఖ్యమైన నాలుగు మాటలు బిడ్డతో పాటు ఇంటికి వెళ్లాలి. అంతే.

మా కేస్ షీట్లలో బరువుకు చార్టు ఉంది. పాలకు చార్టు ఉంది. ఒంటి వేడికీ, మూత్రానికీ, విరేచనానికీ చార్టు ఉంది. లైన్ దగ్గరికొచ్చేసరికి "యూవీసీ (బొడ్డు సిర లైన్) వేయడమైనది" అని ఒక్క ముక్క. ఏ సైజుది, ఎన్ని సెంటీమీటర్లు లోపలికి వెళ్లింది, కొస ఎక్కడ నిలిచింది, ఎక్స్‌రే ఎవరు చూశారు, ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు? ఇవన్నీ తెలియాలంటే డాక్టర్ నోట్సులో ఒక పేజీ, నర్సుల నోట్సులో ఇంకో పేజీ తిరగేయాలి. కొన్నిసార్లు ప్లాస్టర్ మీద పెన్నుతో వేసిన తేదీ ఒక్కటే ఆధారం. ప్లాస్టర్ తడిస్తే అదీ పోతుంది.

ముందు చిన్న లైన్ సంగతి చెబుతాను. పసుపు రంగు 24 గేజ్, ఊదా రంగు 26 గేజ్ క్యాన్యులాలు మేం వాడేవి. తల్లిదండ్రులు దీన్ని సెలైన్ సూది అంటారు. సూది తీసేశాం, లోపల ఉన్నది మెత్తటి గొట్టమేనమ్మా అని ఎంత చెప్పినా వాళ్లకు నమ్మకం కుదరదు, అది వేరే విషయం. పసిబిడ్డ నరం ఎంత సన్నగా ఉంటుందంటే, గొట్టం దాని గోడకు రాసుకుంటూ ఒకటి రెండు రోజుల్లోనే మందు నరం దాటి పక్క కండలోకి చేరడం మామూలే. ఐవీ అవుట్ అయింది అంటాం. లోపలికి వెళ్తున్నది మామూలు సెలైన్ అయితే వాపు వచ్చి తగ్గిపోతుంది. కాల్షియం గ్లూకోనేట్ అయితే తగ్గదు. మొదట చర్మం తెల్లబడుతుంది, ముట్టుకుంటే గట్టిగా, చల్లగా తగులుతుంది. తర్వాత కమిలి నీలంగా మారుతుంది, ఆపైన నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు ఊడాక మిగిలే మచ్చ బిడ్డతో పాటే పెరుగుతుంది. మణికట్టు దగ్గర అయితే చెయ్యి వంచడమే కష్టం కావచ్చు. కొందరిలో అక్కడ పేరుకున్న కాల్షియం కొన్ని వారాల తర్వాత ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. రక్తపోటు నిలబెట్టే డోపమైన్ మందుతోనూ, 12.5 శాతం దాటిన డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర ద్రావణంతోనూ ఇదే భయం.

దీన్ని మొదట్లోనే పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. గంటకోసారి ముట్టుకుని చూడాలి, రెండో చేతితోనో కాలితోనో పోల్చాలి. మందును కొద్దికొద్దిగా తోసే సిరింజ్ పంప్ అలారం మోగుతుందిలే అనుకుంటే మోసపోయినట్టే. మందు కండలోకి పోతున్నా పంప్ హాయిగా తోస్తూనే ఉంటుంది, చెయ్యి బూరెలా ఉబ్బాక గానీ మోగదు. అయితే ఈ చూడటం చెప్పినంత సులువు కాదు. మందుల అట్టపెట్టె కత్తిరించి, దూది, గాజుగుడ్డ చుట్టి, చెయ్యి కదలకుండా ఉంచే స్ప్లింట్ చేసుకుంటాం. దాని మీద బిడ్డ చెయ్యి పెట్టి, పీకేసుకోకుండా మైక్రోపోర్ టేపు చుట్టేస్తాం. చుట్టడం పూర్తయ్యాక చూస్తే వేళ్ల కొసలు కూడా కనబడవు. లోపల చర్మం ఏ రంగులో ఉందో ఇక ఎవరికి తెలుస్తుంది? పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ పసిపిల్లల సైజులో ఇస్తే, వేళ్లు వదిలేసి చుట్టడం అలవాటు చేస్తే, ఈ గాయాల్లో చాలావరకు తెల్లబడిన దశలోనే ఆగిపోతాయి. 2011 నాటి మార్గదర్శకాల ప్రకారం ఎస్‌ఎన్‌సీయూలో ప్రతి షిఫ్టుకీ ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సు ఉండాలి. రాత్రిపూట ఆ లెక్క ఎక్కడ నిలుస్తోందో డ్యూటీ రోస్టర్లు తెప్పించుకుని మీరే చూడండి. గంటకోసారి చూసి సంతకం పెట్టమని షీటు పెడితే, పెట్టలేకపోయిన గంటలు కూడా అందులో కనిపిస్తాయి. నాకు కావలసింది అదే.

ఇక బొడ్డు లైన్. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. పుట్టిన మొదటి కొద్ది రోజులు వాటిలోంచి గొట్టం పంపవచ్చు కాబట్టి, ఎక్కడా నరం దొరకని కిలో బిడ్డకు అదే దారి. 1940లలో బోస్టన్‌లో లూయిస్ డైమండ్ బొడ్డు సిరలోంచి ప్లాస్టిక్ గొట్టం వేసి, తల్లి రక్తంతో ఆర్‌హెచ్ గ్రూపు పడక కామెర్లతో చచ్చిపోయే పిల్లలకు రక్తం మార్చి బతికించారు. ఆ దారి లేకపోతే ఈరోజు మా వార్డుల్లో చాలామంది బిడ్డలు ఇంటికి వెళ్లరు. ఈ ఉత్తరం చదివి ఏ తండ్రీ "మా వాడికి బొడ్డులో లైన్ వద్దు" అనకూడదని ముందే మనవి చేస్తున్నాను.

చిక్కల్లా కొసతోనే. బొడ్డు సిర కాలేయం లోపలి నుంచి, డక్టస్ వీనోసస్ అనే చిన్న దారిలో, కింది మహాసిరలోకి, అక్కడి నుంచి గుండె కుడి గదిలోకి వెళ్తుంది. గొట్టం కొస ఆ గది గుమ్మం దగ్గర ఆగాలి. ఎక్స్‌రేలో చూస్తే ఛాతీ వెన్నుపూసల్లో 8, 9 దగ్గర. భుజం నుంచి బొడ్డు దాకా కొలిచో, బరువును బట్టి ఫార్ములా కట్టో ఎన్ని సెంటీమీటర్లు తోయాలో అంచనా వేస్తారు. అది అంచనాయే. కొస పక్కకు తిరిగి కాలేయం సిరల్లో ఆగితే, ఎక్కించిన గాఢమైన ద్రవం కాలేయాన్నే కాల్చేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, అది పేగుల జబ్బు అనుకుని రోజులు గడిచిపోతాయి. ఇంకాస్త ముందుకెళ్లి గుండెలోకి చేరితే లయ తప్పుతుంది. అన్నిటికంటే భయంకరమైనది మరొకటి ఉంది. గొట్టం కొస పల్చటి గుండె గోడకు తగులుతూ ఉంటే, ఎక్కిస్తున్న ద్రవం గోడ దాటి గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండుతుంది. పొద్దున దాకా పాలు అరిగించుకున్న బిడ్డ ఒక్కసారిగా పాలిపోతుంది, గుండె వేగం పడిపోతుంది, ఛాతీ నొక్కినా, అడ్రినలిన్ ఇచ్చినా ఉలకదు. సెప్సిస్, అంటే రక్తంలో ఇన్ఫెక్షన్, అనుకుంటారు. ఆ క్షణంలో ఎవరికైనా లైన్ గుర్తొచ్చి, సంచిలోంచి ద్రవం లాగేస్తే, అదే బిడ్డ కళ్ల ముందే గులాబీ రంగుకు తిరుగుతుంది. గుర్తు రావాలంటే లైన్ ఎక్కడుందో రాసిన కాగితం తల దగ్గర ఉండాలి.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో నలుగురు పసిపిల్లలు గుండె దగ్గరి దాకా వెళ్లే సెంట్రల్ లైన్ల వల్ల ఇలాగే చనిపోతే, అక్కడి ఆరోగ్య శాఖ సమీక్ష జరిపించి 2001లో నివేదిక బయటపెట్టింది. కొస గుండె గదుల బయటే ఉండాలని, అది ఎక్కడుందో ఎక్స్‌రేతో చూసి రాసి పెట్టాలని చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిపోయిన ఆ మాట కోసం మనం మళ్లీ నలుగురిని పోగొట్టుకోనక్కర్లేదు.

ఎక్స్‌రే కూడా ఒక్కసారి తీసి వదిలేస్తే చాలదు. బొడ్డు ఎండుతుంది, పొట్ట పెరుగుతుంది తగ్గుతుంది, గొట్టం కొస జరుగుతుంది. చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా వేసిన పిక్ లైన్ అయితే బిడ్డ చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టినప్పుడు, చాచినప్పుడు కొస వేర్వేరు చోట్ల ఉంటుంది. అల్ట్రాసౌండ్‌తో చూస్తే కొస ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, బిడ్డను కదిలించనక్కర్లేదు, రేడియేషన్ లేదు. ఇక్కడ ఒక మాట అడగక తప్పదు. ఆడపిల్లల భ్రూణహత్యలు ఆపడానికి తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్‌నూ, అది ఉండే చోటునూ రిజిస్టర్ చేయాలి. ఆ చట్టం కావాలి, దాన్ని సడలించమని నేను అనడం లేదు. కానీ మిషన్ రేడియాలజీ గదిలో తాళం కింద ఉంటే, అర్ధరాత్రి వెంటిలేటర్ మీదున్న బిడ్డను అక్కడికి తీసుకెళ్లేదెవరు? నవజాత శిశువుల యూనిట్ల కోసం విడిగా మిషన్ రిజిస్టర్ చేయించి, పిల్లల డాక్టర్లకు శిక్షణ ఇప్పించి, జిల్లా అధికారులకు ఒక స్పష్టమైన ఉత్తర్వు పంపడం మీ చేతుల్లో పని.

ధమనిలో వేసే గొట్టంతో ఇంకో తరహా ప్రమాదం. కాలి వేళ్లు తెల్లబడతాయి లేదా నల్లబడతాయి. రక్తం గడ్డకట్టి కాలికో కిడ్నీకో సరఫరా ఆగుతోందని అర్థం. దుప్పటి కప్పేసి ఉంచితే ఆ వేళ్లు ఎవరికీ కనపడవు. ఇంకోటి, కిలో బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు, హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసుడు. ధమని లైన్ దగ్గర త్రీ వే (మూడు దారుల కుళాయి) కాస్త వదులైతే ఆ గ్లాసు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుంది? అందుకే బొడ్డు లైన్ ఉన్న బిడ్డకు అక్కడ డైపర్ గానీ దుప్పటి గానీ కప్పొద్దని కొత్తగా వచ్చిన సిస్టర్లకు మొదటి రోజే చెబుతాం. అమ్మమ్మలు మాత్రం "చలి పెడుతుందమ్మా" అంటూ కప్పబోతారు. వాళ్ల తప్పేం లేదు, వార్మర్ ఉందని చెప్పి పంపిస్తాం.

ఇప్పుడు సరఫరా గురించి. బొడ్డు కోసం ప్రత్యేకంగా చేసిన కాథెటర్లు 3.5, 5 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత) సైజుల్లో వస్తాయి. స్టాకు లేనప్పుడు చాలాచోట్ల పసిపిల్లలకు పాలు పట్టే ఫీడింగ్ ట్యూబ్‌నే బొడ్డు సిరలోకి పంపుతారు. మన దేశంలో ఇది ఏనాటి నుంచో ఉన్న అలవాటు, ప్రాణం పోతున్నప్పుడు దొరికినదానితో చేసిన పని కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ ఫీడింగ్ ట్యూబ్‌కు కొస దగ్గర పక్క రంధ్రాలు ఉంటాయి. ఎక్స్‌రేలో కనిపించే కొస ఒకచోట ఉంటే, మందు బయటికొచ్చేది ఇంకోచోట. రక్తం గడ్డకట్టడానికి కూడా అనువు. ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. అదే బిడ్డ నోట్లో పాలకోసం అదే రకం ట్యూబ్ ఉంటుంది. ఒకటి పొట్టలోకి, ఒకటి రక్తంలోకి. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకే సిరింజ్ రెండింటికీ పడుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు, మసక వెలుతుర్లో, పాల సిరింజ్ పట్టుకున్న మనిషి అలసిపోయి ఉంటే ఏం జరగొచ్చో నేను రాయనక్కర్లేదు. పాల సిరింజ్ ఐవీ లైన్‌కు అసలు అమరకుండా ఎన్‌ఫిట్ అనే కనెక్టర్లు వచ్చాయి. అవి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, కనీసం అసలైన బొడ్డు కాథెటర్లు ఇండెంట్‌లో (సరఫరా కోసం పంపే జాబితాలో) తప్పనిసరి వస్తువుగా చేర్చండి, ప్రతి లైన్‌కూ రంగు స్టిక్కర్లు ఇవ్వండి.

ఇన్ఫెక్షన్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను కొంచెమే రాస్తాను. ఢిల్లీలో 2011 నుంచి 2014 దాకా మూడు పెద్ద ఆస్పత్రుల్లో 13,530 మంది నవజాత శిశువులను గమనించి చేసిన అధ్యయనంలో 14.3 శాతం మందికి సెప్సిస్ వచ్చింది. కల్చర్లలో ఎక్కువగా బయటపడినవి ఎసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా అనే క్రిములు. అవి మందులకు లొంగని రకాలు. ఇవన్నీ లైన్ల వల్లే వచ్చాయని ఎవరూ అనరు. కానీ ఆ క్రిములకు రక్తంలోకి తిన్నగా తలుపు తెరిచేది లైన్. తెరిచిన తలుపు వేయడం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాలు బొడ్డు ధమని లైన్ 5 రోజులు దాటకుండా, బొడ్డు సిర లైన్ 14 రోజులు దాటకుండా తీసేయడం మంచిదన్నాయి. చాలా యూనిట్లు సిర లైన్‌ను వారానికే తీసేస్తాయి. మన దగ్గర? "మళ్లీ నరం దొరుకుతుందో లేదో, ఎందుకైనా మంచిది, ఉండనివ్వండి" అంటారు. రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ ఈరోజు కావాలా?" అనే ప్రశ్నకు షీటులో ఒక గడి ఉంటే, అవును అని సంతకం పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆలోచిస్తారు. లైన్ త్వరగా తీయడానికి అన్నిటికంటే మంచి మందు తల్లిపాలు. పాలు పెరిగే కొద్దీ సెలైన్ తగ్గుతుంది. హైదరాబాద్ నిలోఫర్‌లో ఉన్నలాంటి తల్లిపాల బ్యాంకు ప్రతి ఉమ్మడి జిల్లాకూ ఒకటి పెడితే, లైన్ ఉంచాల్సిన రోజులు ఎన్ని తగ్గుతాయో లెక్క కట్టడానికి కూడా ఈ షీటే పనికొస్తుంది.

2006లో అమెరికాలోని మిషిగన్ ఐసీయూల ఫలితాలు వెలువడ్డాయి. పీటర్ ప్రొనొవోస్ట్ బృందం పెద్దవాళ్ల సెంట్రల్ లైన్లకు చిన్న చెక్‌లిస్టు పెట్టి ఇన్ఫెక్షన్లు బాగా తగ్గించింది. చేతులు కడుక్కోవడం, చర్మం శుభ్రం చేయడం, గౌను, మాస్కు వేసుకోవడం లాంటివే, కొత్తవేమీ లేవు. కొత్తది ఒక్కటే, డాక్టర్ ఏదైనా మెట్టు దాటేస్తే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. మన వార్డులో "సార్, గౌను వేసుకోలేదు, ఆగండి" అని ఒక కాంట్రాక్టు స్టాఫ్ నర్సు అనగలదా? అంటే మర్నాడు ఏ వార్డులో ఉంటుంది? ఆ అధికారం నోటిమాటగా ఇస్తే చాలదు, షీటు మీద అచ్చు వేసి ఇవ్వండి.

ఇక బిడ్డతో ఇంటికి వెళ్లాల్సిన నాలుగు మాటలు. బొడ్డు సిర లైన్ ఉన్న పిల్లల్లో కొందరికి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో రక్తం గడ్డకడుతుంది. చాలామందిలో అది తనంతట తానే కరిగిపోతుంది. కరగని కొద్దిమందిలో సిర మూసుకుపోయి, ఏళ్లు గడిచాక తిల్లి (ప్లీహం) పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఆడుకుంటున్న ఆరేడేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి గిన్నెడు రక్తం కక్కుకుంటాడు. మన దేశంలో పిల్లలు ఇలా రక్తం కక్కుకోవడానికి ఈ సిర మూసుకుపోవడం ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అందరిలోనూ బొడ్డు లైన్ కారణం కాదు, సగానికి పైగా పిల్లల్లో కారణమే దొరకదు. అయినా అప్పుడు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "పుట్టినప్పుడు బొడ్డులో లైన్ వేశారా?" తల్లి దగ్గర జవాబు ఉండదు. ఆవిడ అప్పుడు ఆపరేషన్ అయి పోస్ట్ నేటల్ వార్డులో పడుకుని ఉంది. తండ్రికి "అద్దాల పెట్టెలో పెట్టారండీ" అన్నంతవరకే తెలుసు. డిశ్చార్జ్ సమ్మరీ ఎప్పుడో పోయింది. పోకుండా ఉండేది ఒకటే, టీకాల కార్డు. బడిలో వేసేదాకా ట్రంకు పెట్టెలో దాచుకునే ఆ తల్లీబిడ్డల కార్డులో ఒక చిన్న గడి పెట్టండి. బొడ్డు లైన్ వేశారా, ఎన్ని రోజులు, ఏదైనా ఇబ్బంది వచ్చిందా, పొట్ట స్కాన్ ఎప్పుడు చేయించాలి. ఆశా వర్కర్ ఇంటికి వెళ్లినప్పుడు అది చూస్తుంది. ఎస్‌ఎన్‌సీయూ ఆన్‌లైన్ రికార్డులో ప్రతి బిడ్డ వివరాలూ మేం ఇప్పటికే ఎక్కిస్తున్నాం, అందులోనూ ఈ నాలుగు గడులు కలపండి.

ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి రిఫర్ చేసే బిడ్డల గురించి కూడా. 108లో లైన్‌తో వచ్చే బిడ్డకు ఆ లైన్ ఎప్పుడు వేశారో, శుభ్రమైన పద్ధతిలో వేశారో, లేబర్ రూంలో హడావిడిలో వేశారో రిఫరల్ చీటీలో ఉండాలి. హడావిడిలో వేసింది అయితే 48 గంటల్లో మార్చాలి. తెలియకపోతే ఎలా మారుస్తాం?

చివరగా, మీకు చెప్పడానికి కాస్త భయంగానే ఉన్న మాట. ఈ షీటు మెమోలు ఇవ్వడానికి వాడుకోవద్దు. బిడ్డ వేలు నల్లబడిన వార్త టీవీలో వస్తే సాయంత్రానికి ఒక నర్సు సస్పెండ్ అవుతుంది, మర్నాడు కాథెటర్ సైజు గురించి ఎవరూ అడగరు. అలా జరుగుతుందని తెలిస్తే ప్రతి గంటా టిక్కు పడుతుంది, ఒక్క వాపు కూడా కాగితం మీద కనిపించదు. మొదటి ఏడాది ఈ షీట్లలో బయటపడిన ఇబ్బందుల మీద ఎవరి మీదా చర్య ఉండదని, వాటిని నెలకోసారి యూనిట్ డాక్టర్, నర్సులు కలిసి కూర్చుని చూస్తారని ఉత్తర్వులోనే రాయండి. కావాలని దాచిపెట్టినదాని మీద చర్య తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా ఎస్‌ఎన్‌సీయూ, ఒక్కో మెడికల్ కాలేజీ ఎన్‌ఐసీయూ తీసుకుని ఆరు నెలలు చేసి చూడండి. షీటు ఒక్క పేజీ దాటకూడదు, దాటితే ఎవరూ నింపరు. తయారు చేసే కమిటీలో ప్రొఫెసర్లతో పాటు నైట్ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సులను కనీసం ఇద్దరిని వేయండి. బడ్జెట్ అడ్డం అయితే ముందు జెరాక్స్ కాగితంతో మొదలుపెట్టవచ్చు, స్టిక్కర్లు, డ్రెస్సింగులు, కాథెటర్లు వచ్చే ఇండెంట్‌లో పెట్టండి.

ఇట్లు,
నవజాత శిశువుల వార్డు స్టాఫ్ నర్సు